మహేంద్రగిరి: కొండకు పేరెలా వస్తుంది?

 ఈ పూట మీతో ఒక కొండ గురించి, ఆ కొండ పేరు గురించి నాలుగు మాటలు ముచ్చటించాలని వచ్చాను.

పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు రైల్లో వెళ్ళేవారికి, మందస రోడ్డు స్టేషను దగ్గర పడమటి కిటికీలోంచి ఒక కొండల వరస కనిపిస్తుంది. దగ్గర్లో వరి మళ్ళు, జీడి తోటలు, కొబ్బరి చెట్లు. వాటి వెనక నీలంగా కొండలు. ఆ వరసలో ఒక శిఖరం మిగతావాటి భుజాల మీదుగా తల ఎత్తి చూస్తున్నట్టు ఉంటుంది. వానాకాలంలో అయితే సగం రోజులు మబ్బులోనే ఉంటుంది. అదే మహేంద్రగిరి.

ఆ శిఖరం ఎత్తు 1501 మీటర్లు. పాత లెక్కలో చెప్పాలంటే అయిదు వేల అడుగులకు కొంచెం తక్కువ. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. పర్లాకిమిడి నుంచి రోడ్డు దారిన సుమారు 50 కిలోమీటర్లు. సముద్రం నుంచి తిన్నగా గీత గీసి కొలిస్తే 25 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. శివరాత్రికి ఇటునుంచి తెలుగువాళ్ళు, అటునుంచి ఒడియావాళ్ళు పైకి చేరుతారు. మిగతా రోజుల్లో అక్కడ గాలి, పొగమంచు, మూడు పాత గుళ్ళు తప్ప పెద్దగా సందడి ఉండదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. తూర్పు కనుమల్లో ఇంతకంటే ఎత్తైన శిఖరాలు ఉన్నాయి. అదే ఒడిశాలో, కోరాపుట్ జిల్లాలో ఉన్న దేవమాలి 1672 మీటర్లు. మన్యంలో ఇంకా ఎత్తైన కొండలున్నాయి. మరి రామాయణ భారతాల్లోనూ, కాళిదాసు కావ్యంలోనూ, నాసిక్ గుహలోనూ, చోళుల శాసనంలోనూ ఈ కొండ పేరే ఎందుకు కనిపిస్తుంది? ఇంత దూరాన, ఇంత ఒంటరిగా ఉన్న శిఖరానికి ఇంత పెద్ద పేరు ఎలా వచ్చింది?

ముందు మాట అర్థం చూద్దాం. మహా, ఇంద్ర. రెండూ కలిస్తే మహేంద్ర. గుణసంధి అని బళ్ళో చదువుకున్న పిల్లవాడు కూడా చెబుతాడు. ఇంద్రుడంటే దేవతల రాజు కదా, ఆయన పేరున వెలసిన కొండ అనుకోవచ్చు. కానీ ఇంద్ర అనే మాటకు మనం ఇంకో వాడుక కూడా ఎరుగుదుం. గజేంద్రుడంటే ఏనుగుల్లో గొప్పది. మృగేంద్రుడంటే మృగాలకు రాజు. అలాగే మహేంద్రం అంటే కొండల్లో దొర అని చెప్పినా తప్పు కాదు. దేవుడి పేరూ, దొరతనమూ రెండూ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి.

ఇంకో సంగతి గమనించండి. పాత గ్రంథాల్లో ఈ కొండను చాలాచోట్ల ఊరికే మహేంద్రం అంటారు. గిరి, అచలం, అద్రి అనేవి తర్వాత వచ్చి చేరే తోకలు. తిరుమలను తిరుమల కొండ అన్నట్టు అన్నమాట. కాబట్టి మూలమైన పేరు మహేంద్రమే.

పురాణాలు మన దేశంలో ఏడు కులపర్వతాలను లెక్కపెట్టాయి. మహేంద్రం, మలయం, సహ్యం, శుక్తిమంతం, ఋక్షం, వింధ్యం, పారియాత్రం. ఈ ఏడింటిలో మొదట చెప్పేది మహేంద్రమే. కులపర్వతం అంటే ఏమిటి? ఎత్తును బట్టి ఇచ్చిన బిరుదు కాదు. హేమచంద్ర రాయచౌధురి అనే చరిత్రకారుడు దీనికి మంచి వివరణ ఇచ్చాడు. ఒక్కో కులపర్వతం ఒక్కో దేశపు జనానికి తమదైన కొండ అని ఆయన మాట. మలయం పాండ్యులది. మహేంద్రం కళింగులది. మనకు ఇంటిపేరు ఎలాగో, దేశానికి ఆ కొండ పేరు అలాగ. ఫలానా కొండ వాళ్ళం అని చెప్పుకుంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

ఇక ఇతిహాసాలకు వద్దాం. భారతంలో, అరణ్యపర్వంలో, ధర్మరాజు తమ్ములతో తీర్థయాత్రకు బయల్దేరతాడు. గంగ సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి, అక్కణ్ణించి ఒడ్డు వెంబడి దక్షిణానికి తిరిగి, కళింగదేశంలో వైతరణి దాటి, మహేంద్రం చేరతాడు. అక్కడ పరశురాముడు ఉన్నాడు. ఇరవై ఒక్కసార్లు రాజులను నరికి, గెలిచిన భూమినంతా కశ్యపుడికి ధారపోసి, తనకంటూ నేల లేక ఈ కొండకు వచ్చి తపస్సు చేసుకుంటున్నాడు. చతుర్దశికి, అష్టమికి మాత్రమే కనిపిస్తాడట. ధర్మరాజు ఆ తిథి కోసం ఆగి, దర్శనం చేసుకుని వెళతాడు. ఈ దారి వరస చూస్తే ఇది మన మహేంద్రగిరే అనడానికి పెద్దగా సందేహం అక్కర్లేదు. శిఖరం మీది మూడు గుళ్ళను జనం ధర్మరాజు గుడి, భీముడి గుడి, కుంతి గుడి అని పిలవడం కూడా ఈ కథ చలవే.

రామాయణంలో మాత్రం చిక్కు వస్తుంది. రాముడి చేతిలో భంగపడ్డ పరశురాముడు తిరిగి వెళ్ళింది మహేంద్రానికే. బాగానే ఉంది. కానీ హనుమంతుడు లంకకు దూకింది కూడా మహేంద్రం మీంచే! గంజాం కొండ మీంచి లంకకు దూకడమా? సుగ్రీవుడు వానరులకు దారి చెప్పేటప్పుడు కావేరి దాటించి, తామ్రపర్ణి దాటించి, పాండ్యుల కోట దాటించి అప్పుడు మహేంద్రాన్ని చూపిస్తాడు. అంటే అది దక్షిణపు కొసన ఉన్న కొండ.

తమిళనాడులోని మన శ్రోతలకు ఆ కొండ తెలిసే ఉంటుంది. తిరునెల్వేలి, కన్యాకుమారి జిల్లాల సరిహద్దున పడమటి కనుమల్లో మహేంద్రగిరి అనే శిఖరం ఉంది. ఎత్తు 1654 మీటర్లు. దాని పాదం దగ్గరే ఇస్రోవారి రాకెట్ ఇంజన్ల పరీక్షా కేంద్రం ఉంది. అతిశీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్లను అక్కడే నిలబెట్టి మండించి చూస్తారు. హనుమంతుడు ఎగిరాడని చెప్పుకునే పేరు గల చోట, ఇప్పుడు ఆకాశానికి ఎగిరే ఇంజన్లకు పరీక్ష జరుగుతోంది.

అయితే ఈ రెండిటిలో అసలు మహేంద్రం ఏది అని అడిగేవాళ్ళు ఉంటారు. నన్నడిగితే ఆ ప్రశ్నకు అంత బరువు లేదు. మన ఊళ్ళలో రామయ్య ఒక్కడే ఉంటాడా? తాత పేరు మనవడికి పెడతాం. అలాగే ప్రజలు తమ కంటికి ఎదురుగా నిలిచిన పెద్ద కొండకు, తాము విన్న పెద్ద పేరు పెట్టుకున్నారు. పేరు ఒక చోట పుట్టవచ్చు, నాలుగు చోట్ల బతకవచ్చు.

ఇప్పుడు కథలు పక్కన పెట్టి, రాళ్ళ మీద రాసిన మాటలకు వద్దాం. మహారాష్ట్రలోని శ్రోతలు నాసిక్ దగ్గరి పాండవ గుహలు చూసే ఉంటారు. అక్కడ మూడో గుహలో, శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో, క్రీస్తు శకం రెండో శతాబ్దంలో చెక్కినది. చనిపోయిన కొడుకు గొప్పతనాన్ని ఆ తల్లి చెప్పుకుంటూ, నా కొడుకు ఏలిన కొండలివి అని వరసగా పేర్లు చెబుతుంది. వింధ్య, సహ్య, మలయ పర్వతాల సరసన మహిద అనే పేరు వస్తుంది. అదే మహేంద్రం. ప్రాకృతం మాట్లాడే నోళ్ళలో పడి, రేఫ ఊడిపోయి, సున్నా జారిపోయి మహిద అయింది. చంద్రుడు మన నోట్లో చందురుడు అయినట్టే. పండితుల పుస్తకంలో మహేంద్రంగా ఉన్నది, జనం నోట్లో మరోలా పలికేదని దీనివల్ల తెలుస్తోంది. జనం నోట్లో నలగని పేరు నిలవదు.

ఆ తర్వాత నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు వచ్చాడు. ఆయన దక్షిణ దండయాత్రను హరిషేణుడనే కవి రాసి పెట్టాడు. ఆ రాత ఇప్పటికీ అలహాబాద్ కోటలోని స్తంభం మీద ఉంది. అందులో పిష్టపురం, అంటే మన పిఠాపురం, దాని పక్కనే మహేంద్రగిరి, ఆ తర్వాత కొట్టూరం, స్వామిదత్తుడు అనే మాటలు ఒకే సమాసంలో కలిసి వస్తాయి. ఇక్కడ పండితులకు పెద్ద వాదం వచ్చింది. మహేంద్రగిరి అనేది పిఠాపురం ఏలిన రాజు పేరా? లేక మహేంద్రుడు రాజు పేరై, గిరి అనేది తర్వాతి కొట్టూరానికి చేరాలా? లేక అది కొండ పేరేనా, ఆ కొండ దగ్గరి కొత్తూరును ఏలినవాడు స్వామిదత్తుడా? సమాసాన్ని ఎక్కడ విరిస్తే అక్కడ ఒక చరిత్ర పుడుతుంది! మాటను విరవడం తెలియకపోతే కొండ మనిషి అవుతుంది, మనిషి కొండ అవుతాడు.

ఆ శాసనంలోనే, దక్షిణాది రాజులను సముద్రగుప్తుడు పట్టి మళ్ళీ విడిచిపెట్టాడని ఉంది. కాళిదాసు రఘువంశంలో కూడా ఇదే ధోరణి. రఘుమహారాజు ఉత్కళులు దారి చూపగా కళింగానికి వస్తాడు. మహేంద్రానికి నాథుడైన కళింగరాజు ఏనుగులతో ఎదిరిస్తాడు, ఓడిపోతాడు. రఘువు అతని సంపద తీసుకున్నాడు గాని నేల తీసుకోలేదని కవి చెబుతాడు. చూశారా, కళింగరాజును కాళిదాసు ఏ పేరుతో గుర్తుపట్టాడో! కొండ పేరుతో. వచ్చినవాళ్ళు వచ్చారు, దోచినవాళ్ళు దోచారు. నేలా, కొండా, పేరూ అక్కడే ఉన్నాయి.

ఇంతమంది కంట ఈ కొండే ఎందుకు పడింది? ఇప్పుడు చెబుతాను. ఒకసారి ఆ చోటును మనసులో ఊహించండి. ఒక పక్క బంగాళాఖాతం. ఇంకో పక్క కనుమల గోడ. మధ్యలో సన్నటి మైదానం. ఉత్తరాన్నుంచి దక్షిణానికి వచ్చే సేన గానీ, వర్తకుడి బండి గానీ, యాత్రికుడు గానీ ఆ సన్నటి బాట వెంబడే పోవాలి. ఇవాళ జాతీయ రహదారి, కలకత్తా మద్రాసు రైలు మార్గం కూడా అక్కడే ఉన్నాయి. ఆ బాటన పోయే ప్రతివాడూ ఈ శిఖరాన్ని చూడవలసిందే. దేవమాలి ఎత్తైనదే, కానీ లోపల మన్యంలో ఉంది. దారిన పోయేవాడికి కనిపించదు. పేరు అనేది ఎత్తుకు రాదు, దారికి వస్తుంది. నలుగురూ చూసి, నలుగురితో చెప్పి, నలుగురూ గుర్తుంచుకుంటేనే కొండకు పేరు.

కర్ణాటకలోని శ్రోతలకు కూడా ఈ కొండతో ఒక చుట్టరికం ఉంది. కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజులు తమ రాజధాని కళింగనగరం నుంచి రాగి రేకుల మీద దానశాసనాలు రాయించారు. అదే నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. ఆ రేకుల్లో దాదాపు ప్రతిసారీ, మహేంద్ర శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి పాదాలకు మొక్కి తర్వాతే దానం మాట ఎత్తుతారు. అనంతవర్మ చోడగంగు కాలానికి, అంటే 12వ శతాబ్దానికి, వంశకథ ఇంకా పెరిగింది. కామార్ణవుడు అనే మూలపురుషుడు గంగవాడిలోని కోలాహలపురం విడిచి నలుగురు తమ్ముళ్ళతో బయల్దేరి, మహేంద్రం ఎక్కి, గోకర్ణస్వామిని కొలిచి, ఆయన దయవల్ల వృషభ చిహ్నం పొంది, కళింగాన్ని గెలిచాడని ఆ రేకులు చెబుతాయి. ఆ కోలాహలపురం నేటి కోలారే అని చాలామంది పండితుల మాట. గోకర్ణం అన్న పేరు వినగానే ఉత్తర కన్నడ జిల్లాలోని గోకర్ణ క్షేత్రం మీకు గుర్తు రాకుండా ఉంటుందా? ఇప్పుడు కుంతి గుడి అంటున్నదాన్నే గోకర్ణేశ్వరాలయమని కూడా అంటారు. అంటే ఒకే గుడికి రాజుల నాటి పేరు ఒకటి, జనం కథ పెట్టిన పేరు ఒకటి. రెండూ బతికే ఉన్నాయి.

తమిళులూ ఇక్కడికి వచ్చారు. రాజేంద్ర చోళుడు విమలాదిత్యుడనే రాజును గెలిచి మహేంద్రం మీద జయస్తంభం నాటినట్టు సంస్కృతంలోనూ, తమిళంలోనూ రాసిన శాసనం ఆ కొండ మీదే ఉంది. పక్కన చోళుల పులి గుర్తు, పాండ్యుల చేపల గుర్తు కూడా చెక్కారు. ఆ విమలాదిత్యుడు మన వేంగి చాళుక్యుడా, మరొకడా అని పండితులు వాదించుకున్నారు. ఎవరైతేనేం, కళింగాన్ని గెలిచాం అని చెప్పుకోవడానికి చోళులకు కోట గోడ సరిపోలేదు, ఈ కొండ కావలసి వచ్చింది.

పేరు సముద్రం కూడా దాటింది. కంబోడియాలో, అంకోర్ గుళ్ళకు ఈశాన్యాన ఫ్నోం కులేన్ అనే కొండలున్నాయి. 802లో జయవర్మ అనే ఖ్మేర్ రాజు అక్కడ చక్రవర్తిగా అభిషేకం చేయించుకున్నాడు. ఆ చోటును శాసనాలు మహేంద్రపర్వతం అంటాయి. అడవి కప్పేసిన ఆ పాత నగరపు వీధుల జాడను 2012లో ఆకాశం నుంచి లేజరు కిరణాలతో కొలతలు తీసి పట్టుకున్నారు. ఇక మన కాలానికి వస్తే, మన నౌకాదళం కోసం కట్టిన ఒక యుద్ధనౌకకు మహేంద్రగిరి అని పేరు పెట్టి 2023 సెప్టెంబరు 1న ముంబయిలో నీళ్ళలోకి దింపారు. తూర్పు కనుమల్లోని ఈ కొండ పేరే దానికి పెట్టారు. కదలని దానికి అచలం అని పేరు. ఆ అచలం పేరు పెట్టుకుని ఓడ కదులుతోంది.

ఇంత దూరం వెళ్ళిన పేరు, కొండ కిందకు మాత్రం ఒక ఆడపిల్లగా దిగి వచ్చింది. మహేంద్రతనయ. అంటే మహేంద్రుడి కూతురు. ఎంత చక్కటి పేరు! ఈ పేరుతో ఒక ఏరు తూర్పుగా పారి, శ్రీకాకుళం జిల్లాలో బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే పేరుతో ఇంకో ఏరు పర్లాకిమిడి పక్కనుంచి పారి వంశధారలో కలుస్తుంది. ఒకే తండ్రి, ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరికీ ఒకటే పేరు. ఒకరు సముద్రుడి ఇంటికి, ఒకరు వంశధార ఇంటికి.

ఈ కూతుళ్ళు ఇద్దరూ పుట్టింది ఒడిశాలో, మెట్టింది ఆంధ్రలో. అక్కడే మన కథలోకి సరిహద్దు వస్తుంది. గంజాం జిల్లా ఒకప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. మహేంద్రగిరి మందస జమీందారీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంను, పర్లాకిమిడి ఎస్టేటును కూడా విడదీశారు. పర్లాకిమిడి పట్నం, పైనున్న మన్యం అటు వెళ్ళాయి. కింది పల్లెలు ఇటు మిగిలాయి. మందస పట్నం ఇటు ఉంది, దాని కొండ అటు ఉంది. 1992లో ఆ ప్రాంతాన్ని గంజాం నుంచి వేరు చేసి, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద గజపతి జిల్లా చేశారు.

ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేశారు. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మీ అందరికీ తెలుసు. ఈ కొండ కథలో ఆయన చేసిన రెండు పనులు మనకు ముఖ్యం. ముఖలింగం గుడి గోడల మీది పాత లిపిని తనంతట తాను కూడబలుక్కుని చదివి, గంగరాజుల కళింగనగరం ఇదేనని నిరూపించడానికి పూనుకున్నారు. అది పెద్ద పేరును రాళ్ళలోంచి పైకి తీసిన పని. రెండోది, మహేంద్రగిరి చుట్టూ ఉండే సవరల భాష నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాట అడిగి, విని, రాసుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. అది రాళ్ళకు ఎక్కని చిన్న పేర్లను కాగితానికి ఎక్కించిన పని.

1936లో సరిహద్దు పడ్డప్పుడు పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. దాదాపు యాభై ఆరేళ్ళు ఉన్న ఊరు. మహేంద్రం నీడలోంచి రాజమహేంద్రవరానికి. ఆ రెండు పేర్లకూ చుట్టరికం ఉందనుకునేరు, లేదు. రాజమహేంద్రవరం పేరు ఒక రాజుగారి బిరుదు మీద వచ్చింది, కొండ మీద రాలేదు. 1940లో ఆయన కన్నుమూశారు. అక్కడి తెలుగు వాళ్ళలో కొందరు ఆయనలాగే ఇటు వచ్చేశారు. ఎందరో ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు ఈ మాటలు వింటూ ఉండవచ్చు. ఇక మీదట చెప్పేది ముఖ్యంగా మీకోసమే.

సరిహద్దు గీత గీసిన రోజున కొండ ఎవరిదన్న వాదం వస్తుంది. పేరు విషయంలో ఆ వాదం చెల్లదు. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియావారు పారళాఖెముండి అంటారు. మహేంద్రగిరిని మాత్రం ఇద్దరమూ మహేంద్రగిరి అనే అంటాం. ఈ పేరును శాతవాహనులు ప్రాకృతంలో పలికారు, గంగరాజులు సంస్కృతంలో రాశారు, చోళులు తమిళంలో చెక్కారు. ఒక్క భాష వాళ్ళే పట్టుకుని కూర్చుంటే ఆ పేరు ఇన్నాళ్ళు నిలిచేదా? పదిమంది చేతులు పడ్డ పేరు గనక నిలిచింది.

మరి నిలవని పేర్ల సంగతి? దాని గురించి ఆలోచించారా? ఆ శిఖరానికి పేరు పెట్టి, శాసనం రాయించి, కావ్యంలో కట్టినవాళ్ళు అందరూ కింద దారిన పోయినవాళ్ళు, కోటల్లో ఉన్నవాళ్ళు. కొండ మీద పోడు కొట్టుకుని బతికిన సవరల నోట ప్రతి మలుపుకూ, ప్రతి బండకూ, ప్రతి ఊటకూ ఏదో ఒక పేరు ఉంటుంది. పేరు లేకుండా అడవిలో మనిషి దారి ఎలా చెబుతాడు? ఊట ఎక్కడుందో పిల్లకు ఎలా చూపిస్తాడు? గంగరాజుల వంశకథ ఒక పాఠంలో, కామార్ణవుడు గెలిచిన రాజును శబరాదిత్యుడు అన్నారు. ఓడినవాడి పేరు వరకే మనకు మిగిలింది. అతను తన కొండను ఏమని పిలిచాడో ఏ రాగి రేకు మీదా రాయలేదు.

మన ఊళ్ళలో కూడా ఇంతే. మీరు ఏ సరిహద్దు పల్లెలో ఉన్నా సరే, కోలారు వైపు గానీ, హోసూరు వైపు గానీ, బరంపురం వైపు గానీ, మీ ఊరి చుట్టూ చిన్న గుట్టలున్నాయి, చెరువులున్నాయి, పొలాల్లో ఒక్కో చెక్కకు ఒక్కో పేరుంది. మీ తాతలు పిలిచిన పేర్లు అవి. సర్కారు పటంలో అవి ఉండవు. ఉన్నా, ఆ రాష్ట్రపు భాషలో, రాసినవాడికి వినపడినట్టు ఉంటాయి. బళ్ళో పిల్లలు ఇంకో భాషలో చదువుకుంటారు. అది తప్పు కాదు, ఉన్న చోటి భాష రావాలి, బాగా రావాలి. కానీ ఇంట్లో అమ్మమ్మ పోయిన రోజున ఆమె నోట్లో ఉన్న పేర్లు కూడా ఆమెతోనే పోతాయి. దానికి ఏ సరిహద్దూ కారణం కాదు. మనం అడగకపోవడం కారణం.

కాబట్టి ఒక చిన్న పని చెబుతాను. ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. మన ఊరి నుంచి నాలుగు దిక్కులా కనిపించే కొండ పేరేమిటి, ఈ వాగు పేరేమిటి, ఆ పేరు ఎందుకు వచ్చిందని చెప్పుకునేవారు అని అడగండి. వాళ్ళు పలికినట్టే రాయండి. సరిదిద్దవద్దు. మహిద అని పలికితే మహిద అనే రాయండి, మహేంద్రం అని దిద్దవద్దు. పక్కింటి ఒడియా తాతను, కన్నడ అవ్వను, తమిళ పాటిని కూడా అదే ప్రశ్న అడగండి. ఒకే గుట్టకు మూడు పేర్లు వస్తే మూడూ రాయండి. కథ నమ్మేటట్టు లేకపోయినా రాయండి. భీముడి గుడిని భీముడే కట్టాడా అని మహేంద్రగిరి మీద ఎవరూ పట్టుబట్టి అడగలేదు గనకే ఆ పేరు మనదాకా వచ్చింది.

గిడుగువారు చేసింది ఇదే పని. ఒక పంతులు, ఒక సవర మనిషి, మధ్యన కాగితం. ఆ రోజు వాళ్ళిద్దరూ కూర్చోకపోతే ఆ మాటల్లో ఎన్ని మనకు దక్కేవో! మీ ఊళ్ళో అలా కూర్చోవడానికి ఇంకా వ్యవధి ఉంది. మహేంద్రగిరికి రాసేవాళ్ళు రెండు వేల ఏళ్ళుగా దొరుకుతూనే ఉన్నారు. మీ ఊరి గుట్టకు మీరు తప్ప ఎవరూ దొరకరు.